అరకుకా, బ్యాంకాక్‌కా? సొంత దేశంలో విహారం చుట్టూ అల్లుకున్న చిక్కుముడులు

ఏటా మార్చి నెలాఖరుకు, పిల్లల పరీక్షలు ముగిసే వేళకు, విజయవాడ, గుంటూరు ఇళ్లలో ఒక చర్చ మొదలవుతుంది. పిల్లలు ఫోనులో బ్యాంకాక్, సింగపూరు చూపిస్తారు. తల్లిదండ్రులు ఖర్చు లెక్కలు వేస్తారు. మోకాళ్ల నొప్పులున్న నానమ్మను వెంట తీసుకువెళ్లాలా, ఇంట్లో ఎవరికైనా అప్పగించాలా అన్న ప్రశ్నను ఎవరూ పైకి అనరు గానీ అది అందరి మనసుల్లోనూ ఉంటుంది.

ఈ చర్చకు బయటి నుంచి కూడా గాలి తోడవుతోంది. 2019 ఆగస్టు 15న ఎర్రకోట ప్రసంగంలో ప్రధాని ప్రతి కుటుంబమూ 2022లోగా దేశంలోని 15 ప్రదేశాలు చూడాలని కోరారు. 2020 జనవరిలో ‘దేఖో అప్నా దేశ్’ (మన దేశాన్ని చూడండి) ప్రచారం మొదలైంది. 2024 జనవరిలో ప్రధాని లక్షద్వీప్ పర్యటనపై మాల్దీవుల ఉపమంత్రుల వ్యాఖ్యలతో వివాదం రేగినప్పుడు సెలవు గడపడం కూడా దేశభక్తికి కొలమానమైంది. సరిగ్గా అదే కాలంలో థాయిలాండ్, మలేసియా మనవారికి వీసా అవసరం లేకుండా తలుపులు తెరిచాయి. ఒకరు ఇటు లాగుతుంటే మరొకరు అటు పిలుస్తున్నారు.

వినేవారికి గందరగోళంగా ఉండటానికి కారణం ఉంది. ‘మన దేశంలోనే తిరగడం మేలు’ అన్న ఒక్క మాటలో డబ్బు, దూరం, పన్నులు, భాష, దేశ ఆర్థికం అన్నీ కలిసిపోయి ఉన్నాయి. వాటిని విడదీస్తే ఒక్కోదానికి జవాబు ఒక్కోలా వస్తుంది.

లెక్కల్లో ఉన్నది విహారమేనా?

కేంద్ర పర్యాటక శాఖ లెక్క ప్రకారం 2023లో దేశీయ పర్యాటకుల రాకలు దాదాపు 250 కోట్లు. అదే ఏడాది మన దేశం నుంచి విదేశాలకు సాగిన ప్రయాణాలు 2.8 కోట్లకు కాస్త తక్కువ. ఈ రెండు అంకెలూ పక్కపక్కన పెట్టి ‘జనం ఇప్పటికే సొంత దేశాన్నే ఎంచుకున్నారు’ అనేవారున్నారు. నా ఉద్దేశంలో ఆ మాట తొందరపాటు.

మొదటి అంకె మనుషులది కాదు, రాకలది. దేశ జనాభాయే 140 కోట్లు దాటి కొద్దికాలమైంది. గుంటూరు నుంచి నలుగురున్న కుటుంబం వేసవిలో తిరుపతికి, దసరాకు మైసూరుకు, సంక్రాంతి తర్వాత శ్రీశైలానికి వెళ్లిందనుకుందాం. మనుషులు నలుగురే, రాకలు పన్నెండు. పైగా ఈ లెక్కలో తీర్థయాత్రలదే పెద్ద భాగం. మన రాష్ట్రానికి వచ్చే రాకల్లో తిరుమల వాటా ఎంతో చెప్పనక్కరలేదు. మొక్కు తీర్చుకోవడానికి వెళ్లేవారు ‘తిరుమలా, బ్యాంకాకా’ అని తూచి బయలుదేరరు.

రెండో అంకెలోనూ ఇటువంటి చిక్కే ఉంది. విదేశాలకు వెళ్లినవారంతా విహారానికి వెళ్లినవారు కారు. మన కృష్ణా, గుంటూరు ప్రాంతాల్లో ఇది అందరికీ కళ్లెదుటి విషయమే. కూతురి పురిటికి ఆవకాయ జాడీలు, కారప్పొడుల పొట్లాలు సర్దుకుని అమెరికా విమానమెక్కే తల్లి కూడా ఆ 2.8 కోట్లలో ఒకరు. చదువుకు వెళ్లే పిల్లలు, గల్ఫ్‌లో పనికి వెళ్లేవారు, వ్యాపారం మీద వెళ్లేవారు అందరూ అందులో ఉన్నారు.

అంటే రెండు వైపులా తీసివేతలు పోగా మిగిలే భాగమే అసలు చర్చకు వస్తుంది: చేతిలో కొంత డబ్బు, కొన్ని రోజుల సెలవు ఉండి, ఎక్కడికైనా వెళ్లగల స్థితిలో ఉన్న కుటుంబం. ఇకపై చెప్పేదంతా ఆ కుటుంబం గురించే.

ఖర్చును పెంచేది సరిహద్దా, దూరమా?

‘గోవా కంటే థాయిలాండ్ చవక’ అన్న మాట ఈమధ్య చాలా వినబడుతోంది. ‘ఎంత కాదన్నా విదేశం విదేశమే, ఖర్చు తడిసి మోపెడవుతుంది’ అనేవారూ ఉన్నారు. రెండు మాటల్లోనూ నిజముంది. ఏది ఎప్పుడు నిజమో తెలియాలంటే ఖర్చును రెండుగా విడగొట్టాలి: చేరడానికి, తిరిగి రావడానికి అయ్యేది ఒకటి, అక్కడ రోజుకు అయ్యేది మరొకటి.

విజయవాడ నుంచి నలుగురి కుటుంబానికి ఒక లెక్క వేద్దాం. ఈ అంకెలు లెక్క తీరు తెలియడానికి అనుకున్నవే, ధరలు రోజుకొక రకంగా ఉంటాయి. అరకుకు రాత్రి రైలు, విశాఖ నుంచి కారు కలిపి రాకపోకలకు 14,000 రూపాయలు, గది, భోజనం, తిరుగుళ్లకు రోజుకు 8,000 అనుకుందాం. మూడు రోజులకు మొత్తం 38,000. శ్రీనగర్‌కు విమానాలు మారి వెళ్లి రావడానికి 90,000, రోజుకు 9,000 చొప్పున అయిదు రోజులకు 45,000, మొత్తం 1,35,000. బ్యాంకాక్‌కు రాకపోకలు లక్ష, రోజుకు 10,000 చొప్పున అయిదు రోజులకు 50,000, మొత్తం లక్షన్నర.

శ్రీనగర్, బ్యాంకాక్ లెక్కలు పక్కపక్కనే ఉన్నాయి. ఒకటి స్వదేశం, ఒకటి పరదేశం అయినా రెండింటిలోనూ మూడింట రెండు వంతులు దారి ఖర్చులకే పోయింది. కారణం దూరం. గీత గీసినట్టు కొలిస్తే విజయవాడ నుంచి శ్రీనగర్ రెండు వేల కిలోమీటర్ల పైమాటే, బ్యాంకాక్ అంతకంటే ఎంతో ఎక్కువ కాదు. ఇంకో మాట చెబితే చాలామంది నమ్మరు గానీ, పటం తీసి చూసుకోవచ్చు: కొలంబో మనకు ఢిల్లీ కంటే దగ్గర.

సెలవు ఎన్ని రోజులన్నది ఇక్కడ తూకాన్ని మార్చేస్తుంది. అదే బ్యాంకాక్‌కు మూడు రోజులకే వెళ్లొస్తే మొత్తం 1,30,000, అంటే రోజుకు 43,000 పైన పడుతుంది. ఎనిమిది రోజులు ఉంటే 1,80,000, రోజుకు 22,500. అరకు మాత్రం మూడు రోజులకు వెళ్లినా రోజుకు 12,700 లోపే. దూరం వెళ్లినకొద్దీ ఎక్కువ రోజులు ఉంటేనే గిట్టుబాటు. శని, ఆదివారాలకు ఒక సోమవారం కలిసొచ్చే ఉద్యోగికి దగ్గరి ప్రదేశం తప్ప మరోదారి లేకపోవడానికి కారణం ఇదే. వేసవి సెలవుల్లో పది రోజులు దొరికే ఉపాధ్యాయ దంపతుల లెక్క వేరుగా ఉంటుంది.

మరి గోవా సంగతి? నూతన సంవత్సరానికి, వరుస సెలవులకు మన దేశంలో గదుల ధరలు రెండింతలూ మూడింతలూ అవుతాయి. అడిగేవారు కోట్లలో ఉంటే, పేరున్న చోట్లు కొన్నే, వాటిలో మంచి గదులు ఇంకా తక్కువ. అటువంటి వారాల్లో రోజువారీ ఖర్చు థాయిలాండ్‌ను మించిపోవచ్చు. జులై వానల్లో వెళ్తే అదే గోవాలో అదే గది సగానికి దొరకవచ్చు. కనుక ‘ఏ దేశం చవక’ అన్న ప్రశ్నకు ‘ఏ వారంలో’ అన్న ఎదురు ప్రశ్న తప్పదు.

పన్నులు, రాయితీలు ఎటు మొగ్గుతాయి?

ఇక్కడ జనాన్ని ఎక్కువగా తికమక పెడుతున్నది టీసీఎస్. విదేశీ ప్యాకేజీ కొన్నప్పుడు ట్రావెల్స్ వారు ప్యాకేజీ ధరపై కొంత శాతం అదనంగా తీసుకుని ఆదాయపు పన్ను శాఖకు కడతారు. 2020 అక్టోబరులో 5 శాతంతో ఇది మొదలైంది. 2023 అక్టోబరు నుంచి 7 లక్షలు దాటిన మొత్తంపై 20 శాతమైంది. 2025 ఏప్రిల్‌లో ఆ 7 లక్షల గీత 10 లక్షలకు జరిగింది. 2026 ఏప్రిల్ నుంచి ఎంత మొత్తమైనా 2 శాతమే అయింది. బడ్జెట్‌తోపాటు శాతాలూ మారుతుంటాయి గానీ పద్ధతి ఒక్కటే.

చాలామంది దీన్ని అదనపు పన్ను అనుకుంటారు. కాదు, ఇది ముందుగా వసూలు చేసుకునే మొత్తం. 2025-26లో నాలుగు లక్షల ప్యాకేజీకి అప్పటి 5 శాతం చొప్పున 20,000 కట్టారనుకుందాం. ఆ ఏడాది మీరు ఇంకా కట్టాల్సిన పన్ను 15,000 అయితే, రిటర్ను వేసినప్పుడు ఆ బాకీ తీరిపోయి 5,000 వెనక్కి వస్తుంది. అసలు పన్నే లేనివారికి మొత్తం 20,000 తిరిగి వస్తుంది. అయితే రిటర్ను వేయాలి, నెలల తరబడి ఆగాలి. నెల జీతం మీద నడిచే ఇంటికి ఆ ఎదురుచూపు కూడా ఖర్చే. ప్యాకేజీ కాకుండా విమాన టికెట్ ఒక్కటే కొంటే ఇది వర్తించదు.

దేశం లోపల ఈ బాధ లేదు. గదులపై జీఎస్టీ ఉంటుంది. 2025 సెప్టెంబరు 22 నుంచి రోజుకు 7,500 రూపాయల వరకు ఉన్న గదులపై అది 12 నుంచి 5 శాతానికి తగ్గింది. 4,000 రూపాయల గదికి పన్ను 480 నుంచి 200కు దిగింది. కానీ 7,500 దాటితే 18 శాతమే. 7,500 గదికి పన్ను 375 అయితే, 7,600 గదికి 1,368. గది అద్దె వంద పెరిగితే బిల్లు దాదాపు 1,100 పెరుగుతుందన్నమాట.

ఉద్యోగులకు ఎల్‌టీసీ (సెలవు ప్రయాణ రాయితీ) ఉంది. నాలుగేళ్ల కాలంలో రెండు ప్రయాణాలకు వచ్చే ఈ రాయితీపై ఆదాయపు పన్ను మినహాయింపు దేశం లోపలి ప్రయాణానికే, అదీ రాకపోకల ఛార్జీలకే. గది, భోజనం దీనిలోకి రావు. కొత్త పన్ను విధానంలో ఉన్నవారికి ఈ మినహాయింపు లేదు.

విదేశం వైపు వీసా రుసుములు చేరతాయి. ఐరోపా షెంగెన్ వీసాకు 2024 జూన్ నుంచి పెద్దలకు 90 యూరోలు, 6 నుంచి 12 ఏళ్లలోపు పిల్లలకు 45. భార్యాభర్తలు, పద్నాలుగేళ్ల అమ్మాయి, తొమ్మిదేళ్ల అబ్బాయి ఉన్న ఇంటికి 315 యూరోలు, అంటే 30 వేల రూపాయల దరిదాపు. వీసా నిరాకరించినా ఆ డబ్బు తిరిగి రాదు.

రసీదుల్లో కనబడని ఆకర్షణ

ఇంతవరకు చెప్పినవి అంకెలు. సొంత దేశంలో తిరగడంలోని అసలు రుచి వాటికి అందదు. ఒక అక్టోబరులో మా అమ్మను విశాఖ నుంచి అరకుకు రైల్లో తీసుకువెళ్లాను. పొద్దున్నే బయలుదేరే కిరండోల్ పాసింజరు అది. ఘాట్ మొదలయ్యాక సొరంగం వచ్చినప్పుడల్లా పెట్టెలోని పిల్లలు కేకలు వేస్తుంటే, అమ్మ వేళ్ల మీద సొరంగాలు లెక్కపెడుతూ ఎక్కడో తప్పిపోయి, మళ్లీ మొదటికి వచ్చేది. బొర్రా గుహల స్టేషనులో ఒక గిరిజన స్త్రీ సీతాఫలాల బుట్టతో కిటికీ దగ్గరికి వచ్చింది. అమ్మ బేరమాడలేదు. ‘ఇవి ఎన్నాళ్లకు పండుతాయమ్మా?’ అని అడిగింది. ఆమె ఒక్కో పండునూ బొటనవేలితో నొక్కి చూసి, ‘ఇది ఇయ్యాలకి, ఇది రేపటికి, ఇది మీ ఊరు చేరాక’ అని మూడు వాటాలుగా పేర్చి ఇచ్చింది. రైలు కదిలాక అమ్మ చాలాసేపు ఆ వాటాలు కలిసిపోకుండా ఒడిలో పట్టుకుని కూర్చుంది.

డెబ్బై ఏళ్ల మనిషి తనంతట తాను ప్రశ్న అడిగి జవాబు తెచ్చుకోగలిగింది. నాకు ఆ ప్రయాణంలో అన్నిటికంటే విలువైనది అదే. విదేశంలో అయితే ఆమె తరఫున నేను అడగాలి, నా తరఫున ఫోను అడగాలి. అక్కడ ఆమె వెంట వచ్చిన మనిషి. ఇక్కడ ఆమే యాత్రికురాలు.

పెద్దలున్న ఇళ్లలో ఇంకొన్ని విషయాలూ ఇటే మొగ్గుతాయి. మన సాధారణ ఆరోగ్య బీమాలు చాలావరకు దేశంలోనే పనికివస్తాయి. మధ్యలో ఒంట్లో బాగాలేకపోతే ప్రయాణం ఆపి మర్నాటి రైలెక్కి రావచ్చు. పప్పు, పెరుగన్నం దొరకక పస్తుండే అవస్థ రాదు.

అయితే ఈ సౌకర్యాన్ని దేశమంతటికీ అంటగట్టకూడదు. శ్రీనగర్‌లోనో షిల్లాంగ్‌లోనో మా అమ్మ తెలుగు ఎంత పనికొస్తుంది? రూపాయి, చట్టం, గుర్తింపు కార్డు అవే ఉంటాయి. మాట, తిండి, చలి వేరే. సొంత దేశమన్న భావనలో రెండు పొరలున్నాయి. ఒకటి పాస్‌పోర్టు అడగని దేశం, రెండోది మనం అడిగింది అర్థమయ్యే ప్రాంతం. పెద్దలకు హాయినిచ్చేది రెండోది. పదిహేనేళ్ల పిల్లలు కోరుకునేది దానికి పూర్తిగా వ్యతిరేకం: తమ మాట ఎవరికీ అర్థం కాని చోట తమంతట తాము దారి కనుక్కోవడం. ఆ కోరిక చిన్నదేమీ కాదు. విదేశం వైపు వాదించేవారి మాటల్లో నాకు అన్నిటికంటే బలంగా తోచేది అదే.

మనం ఖర్చుపెట్టిన రూపాయి ఎటు వెళ్తుంది?

ఆర్థిక శాస్త్రం దృష్టిలో విదేశీ విహారం ఒక దిగుమతి. వస్తువు మన దగ్గరికి రాకుండా మనమే దాని దగ్గరికి వెళ్తాం, చెల్లింపు మాత్రం డాలర్లలోనే. రిజర్వు బ్యాంకు అనుమతించిన పథకం కింద ఒక వ్యక్తి ఏడాదికి రెండున్నర లక్షల డాలర్ల వరకు విదేశాలకు పంపవచ్చు. 2023-24లో ఈ దారిన వెళ్లిన సుమారు 3,170 కోట్ల డాలర్లలో సగానికి పైగా ప్రయాణాల కింద వెళ్లినవే. స్వదేశీ విహారాన్ని ప్రోత్సహించాలనేవారు ఈ అంకెనే చూపిస్తారు.

వారి వాదన సబబే. అరకులో పెట్టిన రూపాయి బొంగులో చికెన్ అమ్మేవారికి, జీపు నడిపేవారికి, కాఫీ గింజలు ఎండబెట్టే ఇంటికి చేరే అవకాశం ఉంది. అవకాశం అని ఎందుకన్నానంటే, వేరే నగరంలో యజమాని ఉన్న పెద్ద రిసార్టులో దిగి, మూడు పూటలూ అక్కడే తిని వస్తే కొండ మీది ఊరికి మిగిలేది తక్కువ. రూపాయి దేశం దాటకపోయినా జిల్లా దాటిపోతుంది.

ఎదుటివాదనకూ బరువుంది. ప్రతి దేశమూ తన ప్రజలను ఇంట్లోనే ఉండమంటే మన దగ్గరికి ఎవరు వస్తారు? 2006 జనవరిలో దలైలామా అమరావతిలో కాలచక్ర నిర్వహించినప్పుడు ఎన్నో దేశాల బౌద్ధులు మన కృష్ణ ఒడ్డుకు వచ్చారు. శ్రీలంక, జపాన్, థాయిలాండ్ యాత్రికులు రావాలని మన రాష్ట్రం ఇప్పటికీ కోరుకుంటోంది. రాకపోకలు రెండు వైపులా సాగితేనే విమానాలూ నడుస్తాయి. 2018 డిసెంబరులో గన్నవరం నుంచి సింగపూరుకు మొదలైన సర్వీసు కొన్ని నెలలకే ఆగిపోవడం మన ప్రాంతంవారికి గుర్తుండే ఉంటుంది.

మన దగ్గర లేనివీ, సరిగా లేనివీ

మే నెలలో విజయవాడవాసికి కావలసింది చలి. రోహిణి కార్తె ఎండ తెలిసినవారికి ఇది విడమరచి చెప్పక్కరలేదు. అరకు ఎత్తు సుమారు 900 మీటర్లు, ఊటీది 2,240 మీటర్లు. ఊటీ చల్లదనం మన రాష్ట్రంలో ఎక్కడా దొరకదు. శీతకాలంలో లంబసింగి పొగమంచు చూసి మేలో అక్కడికి వెళ్తే నిరాశ తప్పదు. ఊటీకే వెళ్దామంటే, రద్దీ తట్టుకోలేక మద్రాసు హైకోర్టు ఆదేశంతో 2024 మే 7 నుంచి నీలగిరి, కొడైకెనాల్ వెళ్లే వాహనాలకు ఈ-పాస్ పెట్టారు. అందరూ సొంత దేశమే చూద్దామని అవే నాలుగు ఊళ్లకు వెళ్తే ఆ ఊళ్లు ఏమవుతాయో ఇది చెబుతోంది.

రైలు టికెట్ల సంగతీ అంతే. 2024 నవంబరు 1 నుంచి రిజర్వేషన్ 120 రోజులకు బదులు 60 రోజుల ముందే తెరుచుకుంటోంది. మే 10 ప్రయాణానికి మార్చి 11న ప్రయత్నించాలి, అప్పటికి పరీక్షల తేదీలే ఖాయం కాని ఇళ్లుంటాయి.

అన్నిటికంటే బాధ కలిగించేది భద్రత. 2017 నవంబరు 12న విజయవాడ పక్కనే పవిత్ర సంగమం వద్ద కృష్ణలో బోటు బోల్తాపడి ఇరవై మందికి పైగా చనిపోయారు. రెండేళ్లు తిరగకముందే, 2019 సెప్టెంబరు 15న పాపికొండల దారిలో కచ్చులూరు వద్ద గోదావరిలో మరో బోటు మునిగి పదుల ప్రాణాలు పోయాయి. మన నదుల అందాన్ని ఎంత ప్రేమగా చెప్పుకున్నా, ఆ రెండు తేదీలనూ దాటవేసి చెప్పడం నాకు చేతకాదు. శుభ్రమైన మరుగుదొడ్డి, సరైన లైఫ్‌జాకెట్టు, చక్రాల కుర్చీ వెళ్లే దారి ఉన్న చోటికి జనం విమానమెక్కి వెళ్తున్నారంటే, వారికి దేశం మీద ప్రేమ లేదని అర్థం కాదు.

మళ్లీ వెళ్లగలిగే చోటు

ఈ తూకంలో ఎక్కువమంది పట్టించుకోనిది ఒకటుంది. విదేశీ ప్రయాణం చాలా ఇళ్లలో ఒక్కసారి జరిగే పని. ఆ అయిదు రోజుల్లో వాన పడితే వానే చూసి వస్తారు. దగ్గరి ప్రదేశానికి మళ్లీ వెళ్లవచ్చు. ఏప్రిల్‌లో ఇసుక తేలిన కృష్ణను చూసినవారు, వరద రోజుల్లో ప్రకాశం బ్యారేజి 70 గేట్లూ ఎత్తినప్పుడు వెళ్తే అది వేరే నది. గుంటూరు పక్కన ఉప్పలపాడు చెరువుల్లో గూడబాతులు, ఎర్రకాళ్ల కొంగలు చలికాలంలో చెట్లకు కాసినట్టు ఉంటాయి. ఉండవల్లి గుహల్లో శేషశయనుడి పాదాల దగ్గర నిలబడి చూడటానికీ, తల దగ్గర నిలబడి చూడటానికీ ఎంతో తేడా ఉంది. ఆ సంగతి మూడోసారి వెళ్లినప్పుడు గాని నాకు తెలియలేదు.

గుంటూరులో ఉండే మా బాబాయి గారు కొడుకును చూడటానికి లండన్ వెళ్లారు. బ్రిటిష్ మ్యూజియంలో ఒక గది నిండా అమరావతి శిల్పాలు ఉన్నాయని అక్కడికి వెళ్లాకే ఆయనకు తెలిసింది. 1845లో బ్రిటిష్ అధికారి వాల్టర్ ఇలియట్ తవ్వించినవి వాటిలో ఎన్నో ఉన్నాయి. ఒక పలక మీద స్తూపం మొత్తం చెక్కి ఉంటుంది: గుండ్రని అండం, చుట్టూ ప్రాకారం, ముందువైపు అయిదు స్తంభాలు, పైన ఎగురుతున్న దేవతలు. మహాస్తూపం నిండుగా ఉన్నప్పుడు ఎలా ఉండేదో మనకు తెలిసింది అటువంటి పలకల వల్లనే. ఆయన దాన్ని ఫోటో తీసుకున్నారు.

గుంటూరు నుంచి ముప్పై అయిదు కిలోమీటర్ల దూరంలో ఉన్న అమరావతికి అమరేశ్వరుడి దర్శనానికి ఎన్నోసార్లు వెళ్లారు గానీ, ఊళ్లోవారు దీపాలదిన్నె అని పిలిచే స్తూపం దగ్గరికి ఆయన అంతవరకు వెళ్లలేదు. తిరిగి వచ్చిన నెలలోనే మనవళ్లను తీసుకుని వెళ్లారు. ఇప్పుడక్కడ మిగిలింది గడ్డి మొలిచిన గుండ్రని దిబ్బ, చుట్టూ అక్కడక్కడ నిలబెట్టిన రాళ్లు. ఆయన ఫోను చెయ్యి చాచినంత దూరంలో, దిబ్బకు ఎదురుగా ఎత్తి పట్టుకున్నారు. పిల్లలిద్దరూ ఆయన మోచేతి కింద నుంచి తలలు పెట్టి, తెరమీది స్తూపాన్నీ వెనక ఉన్న దిబ్బనూ మార్చి మార్చి చూస్తూ, ఏ రాయి ఎక్కడిదో కలపడానికి ప్రయత్నిస్తున్నారు.